ఆటలోంచి తీసేసిన మోకు

ఒక రాతి మోకు నా గల్లాపెట్టె అడుగున పడి ఉంది. చింతగింజంత ఉంటుంది. దాని బరువు మాత్రం ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నంద్యాలలో మాది దువ్వెనలు, గాజులు, పిల్లల బొమ్మలు, పలకలు అమ్మే అంగడి. ఆళ్లగడ్డ బడిలో పనిచేసే కరుణమ్మ టీచరు తన తరగతి పిల్లలకు పలకలూ బలపాలూ మా దగ్గరే కొనేది. ఒక ఎండాకాలం మా అంగట్లో వేలాడుతున్న పరమపద సోపాన పటం చూసి ఆమెకు కోపం వచ్చింది. పాము మింగితే కిందికి జారిపోవడమేనా, పక్కవాడు చూస్తూ పోవడమేనా, చెయ్యి పట్టి లాగే దారే లేదా ఈ ఆటలో అని అడిగింది. మా నాయన మొహం చిట్లించాడు గానీ నాకు ఆ మాట నచ్చింది. అట్లా ఇద్దరం కలిసి కొత్త ఆట ఒకటి తయారుచెయ్యడం మొదలుపెట్టాం.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నడిచిపోయే బాటే మా పటం. మధ్యలో ఎండ, ముళ్లు, పొంగే వాగు. ఆడేవాడు బయలుదేరే ముందు ఒక సామాను ఎంచుకోవాలి. గొడుగుంటే ఎండ గడులు దాటొచ్చు, చెప్పులుంటే ముళ్ల గడులు. గుర్రం నా ఆలోచన. అది ఉన్నవాడు రెండింతలు ముందుకు పోతాడు. మోకు, అంటే వాగులోకి విసిరే లావు తాడు, ఆమెది. మోకు ఉన్నవాడు తన పందెం వదులుకుని, వాగులో పడినవాణ్ణి తన గడిలోకి లాగొచ్చు. తనకు లాభమేమీ లేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఆచారి ఒకాయన మిగిలిన రాతిముక్కలతో ఇవన్నీ చేసిచ్చాడు. ఆ చుట్ట చుట్టిన మోకుకు పురి కూడా కనిపించేటట్టు చెక్కాడు.

అచ్చుకు ఇచ్చే ముందు పిల్లలతో ఆడించి చూద్దామనుకున్నాం. ఆ రోజు టీచరుకు చాగలమర్రిలో పరీక్షల డ్యూటీ పడింది. నేనొక్కణ్ణే మా వీధి పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టాను. ఏం జరిగిందో చెప్తాను. ముందు నేను ఆడిన అబద్ధం వినండి. మరుసటి రోజు ఆమె బస్సు దిగి నేరుగా అంగడికే వచ్చింది.

“ఏమన్నా, మోకు ఎవురు తీసుకున్యారు?”

“ఎవురూ తీసుకోలేదు టీచరమ్మా. ముట్టను గూడా ముట్టలేదు.”

“ఒక్కరన్నా?”

“ఒక్కరు గూడా లేదు. అందురికీ గుర్రమే కావాలంట.”

ఆమె చేతిసంచి బల్ల మీద పెట్టింది.

“అట్లయితే తీసెయ్యన్నా. వాళ్లు వద్దన్నది మనమెందుకు పెట్టాల. పిల్లోళ్ల సంగతి నాకు తెలుసనుకుంటి. నాకేం తెల్దు.”

జరిగింది వేరు. మోకు నాకంటే నాకని పిల్లలు కొట్లాడుకున్నారు. దాన్ని దక్కించుకున్న పిల్ల ఇంకొక్క పందెం వేస్తే ఊరు చేరేది. వెయ్యలేదు. వాగులో పడ్డవాణ్ణి లాగి తన పక్కన పెట్టుకుంది. అంతసేపూ తన జడ పట్టి గుంజినవాణ్ణే. అరుగంతా ఒకటే గోల, నవ్వులు. నా గుర్రం మాత్రం గోడ వారన పడి ఉంది.

దుడ్ల కోసం చేశానా? కాదు. మోకు ఉంటే ఆట తెమలదు, జనం కొనరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆ గుర్రం గురించి ఇంట్లో గొప్పలు చెప్పుకుని ఉన్నాను. పిల్లలు దాన్ని వద్దని ఆమె మోకును కావాలన్నారు. నాకు కడుపు మండింది. ఇంత చిన్నదానికా అంటారేమో. అవును, ఇంత చిన్నదానికే. పెద్ద కారణమేదన్నా ఉంటే దాని చాటునన్నా దాక్కునేవాణ్ణి.

ఆట అచ్చయింది. పెట్టె మీద గుర్రం బొమ్మ వేయించాను. తిరునాళ్లలో కొన్ని అమ్ముడుపోయాయి, తర్వాత ఎవరూ అడగలేదు. ఇక్కడితో అయిపోయి ఉంటే నేను మరచిపోయేవాణ్ణే.

కొన్నేళ్లకు టీచరమ్మ, బడిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. చదువు వచ్చిన పిల్లలను రాని పిల్లల పక్కన కూర్చోబెట్టి ఒకరికొకరు నేర్పుకునేటట్టు చేస్తానని ఆ అమ్మాయి ఉత్సాహంగా చెబుతోంది. టీచరమ్మ వద్దంది. ఎవరి దారి వారిదేననీ, పిల్లలకు ఇంకొకరిని లాగడం ఇష్టముండదనీ, తానూ ఒకప్పుడు అట్లాగే అనుకుని పొరపాటు పడ్డాననీ చెప్పింది. కావాలంటే అన్ననడుగు, కళ్లారా చూసినాడు అని నా వైపు చూపించింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. అవునన్నట్టు తల ఊపాను.

మొదటిసారి కుళ్లుతో చేశాను. మరి రెండోసారి ఎందుకు ఊపాను? నా అబద్ధం ఆమె తరగతి గదిలో పాఠమైపోయిందని అప్పుడే తెలిసింది కదా. అప్పుడన్నా నోరు తెరవొచ్చు కదా.

టీచరమ్మ రిటైరై జూపాడు బంగ్లాలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. మోకు జేబులో వేసుకుని బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను, ఒకసారి కాదు. ఆమె తిడుతుందని భయం కాదు. నిజం చెబితే, గడిచిన తరగతులన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంటుంది. పక్కపక్కన కూర్చోబెట్టని పిల్లలందరినీ తలుచుకుంటుంది. అదీ నా భయం. లేక ఇది కూడా పోకుండా ఉండడానికి నేను వెతుక్కున్న సాకేనా? నాకు తెలియడం లేదు.

ఇంత రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని కూడా తెలుసు. అయినా బస్టాండులో నిలబడి నాలో నేను అనుకుని మింగేసిన మాట, ఒక్కసారన్నా బయట పెడతాను.

టీచరమ్మా, ఆ పొద్దు పిల్లోళ్లందురూ మోకే అడిగినారు.