రెండో కన్ను

నీలమణి అంటే నీలంగానే ఉంటుందనుకునేవాళ్ళను చూస్తే ఆ అక్కచెల్లెళ్ళకు నవ్వొచ్చేది. వాళ్ళ బల్ల మీద పసుపు నీలాలుండేవి, గులాబి, ఊదా, ఆకుపచ్చ నీలాలుండేవి. అన్నీ భూమిలో పుట్టిన రంగులే. హారానికి కావలసిన ముప్ఫై రాళ్ళనూ, ఒక రంగు ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియనంత మెత్తగా వరస పేర్చి నగల దుకాణానికి పంపడం వాళ్ళ పని.

ఇరవై ఏడేళ్ళూ ఒకటే పద్ధతి. ఒక్కో రాయీ అద్దం మూత ఉన్న చిన్న డబ్బీలో ఉంటుంది, దాని అంకె డబ్బీ అడుగున. ముందు అక్క ఉత్తరపు కిటికీ వెలుతురులో వాటిని పళ్ళెంలో పేరుస్తుంది. ఆ వరసను కాగితం మీద రాసి, పళ్ళెం కింద బోర్లించి, డబ్బీలన్నీ కలిపేసి, గుడ్డ కప్పి లేస్తుంది. తరవాత చెల్లెలు పేరుస్తుంది. అంతదాకా కాగితం తిప్పి చూడకూడదు. రెండు వరసలూ కలిస్తేనే సరుకు గడప దాటేది. కలవకపోతే పోట్లాట.

"నీ కళ్ళు మన గోడ గడియారమేనే. రోజూ అదే పది నిమిషాలు వెనక" అనేది అక్క.

అక్క పోయాక, రెండో కన్ను ఎవరిదమ్మా అని దుకాణం యజమాని అడిగాడు. మేనకోడలు వస్తోందని చెల్లెలు అబద్ధమాడింది. నిజానికి పొద్దున తనే పేర్చి, రాసి, కలిపేసి, అన్నం తినొచ్చి మళ్ళీ తనే పేర్చేది. రెండూ కలిసేవి. కలవక ఏం చేస్తాయి?

ఒక హారం తిరిగొచ్చింది. పగలు ముచ్చటగా ఉన్న వరసలో, దీపాల కింద ఒక నీలం ఊదాగా మారి, పలువరసలో పుచ్చుపన్నులా కనబడిందట. వెలుగు మారితే రంగు మార్చే రాళ్ళు కొన్ని ఉంటాయి. వాటిని పట్టుకోవడం ఎప్పుడూ అక్కే.

యజమాని కొత్త రాళ్ళిచ్చాడు. "ఈసారీ ఇలాగే అయితే పని వేరేవాళ్ళకివ్వాలమ్మా. ఏమనుకోకండి."

ఆ పని పోతే ఆ గదిలో ఆమెకు మిగిలేది రెండు కుర్చీలే. దీపం పెట్టి ఒక్కో రాయీ చూసింది. అలవాటుపడ్డ కళ్ళకు ఏ తేడా అందలేదు. పేర్చి, రాసి, కలిపేసి, గుడ్డ కప్పి వంటింట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గుడ్డ ముడత చెదరలేదు. తీసి చూస్తే డబ్బీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇందాక తను నీలాల్లో పెట్టిన రాయి ఒకటి ఊదాల మధ్య ఉంది. దాన్ని తీసి పెదవికి ఆనించింది. అసలు రాయి పెదవికి చల్లగా తగులుతుంది. ఇది వెచ్చగా ఉంది, ఎవరో చాలాసేపు గుప్పిట్లో పట్టుకున్నట్టు. మిగతా ఇరవై తొమ్మిదీ చల్లగానే ఉన్నాయి.

ఆ వరసే పంపింది.

వారం తిరక్కుండా యజమాని స్వయంగా వచ్చాడు. ఏ దీపం కింద చూసినా వంక పెట్టలేకపోయారట. "ఎవరు చూశారమ్మా ఈసారి?"

"అక్క" అంది ఆమె, అలవాటుగా.

కూర్చోబోతూ కుర్చీ మీద వేసిన చెయ్యి ఆయన మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. కొత్త రాళ్ళు బల్ల మీద పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆమె వాటిని డబ్బీల్లో సర్ది, పొద్దున పేర్చవచ్చని అలాగే వదిలేసింది.

పొద్దున వచ్చేసరికి పళ్ళెం మీద గుడ్డ కప్పి ఉంది. పళ్ళెం కిందనుంచి కాగితం అంచు కనబడుతోంది. మొదటి వరస అయిపోయింది. ఇప్పుడు రెండో కన్ను తనే.

కాగితం తిప్పలేదు. తన కుర్చీ లాక్కుని కూర్చుని పేర్చసాగింది. పదహారో డబ్బీ దగ్గర చెయ్యి ఆగింది. నీలమా, ఊదానా? అక్క ఊదా అనే రాసి ఉంటుంది. అటు జరిపితే గొడవే లేదు. కానీ ఆమె కళ్ళకు అది నీలమే. నీలం వైపే పెట్టి, చివరిదాకా పేర్చింది.

కలవకపోతే పోట్లాట. ఆమె పక్క కుర్చీ వైపు చూడకుండా కాగితం అందుకుంది.