అద్దానికి కనిపించని వేలు

మా పెదనాన్నను లాండ్రీలో అందరూ ఆవిరి మాస్టారు అనేవారు. పెద్ద హోటలు వెనక, మెట్లు దిగి వెళ్ళే నేలమాళిగలో ఉండేది ఆ లాండ్రీ. చిన్నప్పుడు నేను భోజనం క్యారేజీ పట్టుకుని వెళ్ళేదాన్ని. తలుపు తియ్యగానే తెల్లటి ఆవిరి ముఖాన కొట్టేది. అందులోంచి ముందు ఒక దుప్పటి గాల్లో తేలుతూ వచ్చేది, దాని వెనక రెండు చేతులు, ఆ తర్వాత ఎప్పటికో పెదనాన్న. ఏ దుప్పటి మీద ఎవరు పడుకుంటారో, ఏం కలలు కంటారో ఊహించుకుంటూ ఇస్త్రీ చేసేవాడాయన. "ఇది కిటికీ పక్క మంచానికి వెళ్తుందే. మడత మెత్తగా ఉండాలి. లేకపోతే పడుకున్నవాళ్ళకి కలలో మెట్లు వస్తాయి" అనేవాడు. నేను నమ్మేసేదాన్ని. ఇప్పటికీ దుప్పటి ముడత పడితే లేచి సరిచేసుకుంటాను.

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన ఎప్పుడూ ఒక స్టీలు గిన్నెలో నీళ్ళుండేవి. చూపుడు వేలు అందులో ముంచి, ఒక్కసారి విదిల్చి, పెట్టె అడుగున అలా తాకించేవాడు. చుయ్‌మంటే వేడి సరిపోయినట్టు. వెంటనే భుజం మీది పొడి తువ్వాలుతో వేలు తుడుచుకునేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళు అలా ముంచి, తాకించి, తుడిచి ఆ వేలి కొస చెక్కలా తయారైంది. వేడి దుప్పట్లు పట్టీ పట్టీ మిగతా వేళ్ళూ దానికి తీసిపోలేదు. పెద్దమ్మ చెంప మీద ఏదైనా అంటుకుంటే తియ్యబోయేవాడు. "ఆ వేలితో వద్దు బాబూ, గీసుకుపోతుంది" అని ఆవిడ కసురుకునేది.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు లాండ్రీకి కొత్త యంత్రం వచ్చింది. ఒకవైపు దుప్పటి అందిస్తే రెండోవైపు ఇస్త్రీ అయి, మడత పడి వస్తుంది. దానికి మీటలు లేవు, తిప్పే గుండీలు లేవు. ముందు నల్లటి అద్దం ఒక్కటే. వేడి ఎంత ఉండాలో, మడత ఎన్ని ఉండాలో ఆ అద్దం మీదే వేలితో చెప్పాలి. సూపర్‌వైజర్ అందరినీ పిలిచి చెప్పాడు: "వారం రోజులు నేర్చుకోండి. సోమవారం ఒక్కొక్కళ్ళూ నా ముందు నడిపి చూపించాలి. రానివాళ్ళని మూటల గదికి మారుస్తాను." మూటల గదంటే మురికి బట్టలు విప్పి వేరుచేసే గది. అక్కడ ఆవిరి లేదు, దుప్పటి తేలడం లేదు.

అందరూ వేలు పెడితే అద్దం వెలిగింది. పెదనాన్న పెడితే బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయన నా కొట్టుకు వచ్చాడు. నేను పగిలిన ఫోన్ల అద్దాలు మారుస్తాను. నాకు ముక్కు మీద కోపం, దానికి తోడు చేతిలో విద్య ఉందన్న గర్వం.

"ఆ అద్దానికి నేను కనిపించడం లేదమ్మా" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

పాడైపోయిన అద్దం పొర ఒకటి తీసి, దీపానికి ఏటవాలుగా పట్టి చూపించాను. సన్నటి గీతలు లీలగా మెరిశాయి, నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని.

"పడుగూ పేకా!" అన్నాడు పెదనాన్న. "అద్దాన్ని కూడా నేస్తారా?"

"అలాగే అనుకో. ఈ గీతల్లో కొంచెం కరెంటు ఉంటుంది పెదనాన్నా. మన ఒళ్ళంతా ఉప్పునీళ్ళే కదా, వేలు ఆనిస్తే అందులో రవ్వంత మనవైపు లాగుతుంది. ఏ నిలువు గీతకి, ఏ అడ్డగీతకి తేడా వచ్చిందో లోపలున్న చిప్పు కనిపెడుతుంది. సెకనుకి ఎన్నోసార్లు వరసగా తడుముకుంటూనే ఉంటుందది."

"అయితే గట్టిగా నొక్కక్కర్లేదా?"

"అస్సలు అక్కర్లేదు. ఆనితే చాలు."

"అంటే నా ఒంట్లో ఉప్పు అయిపోయిందన్నమాట" అన్నాడు.

నాలుగు ఫోన్లు ముందు పెట్టాను. ఆయన ఒక్కోసారి వేలును తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుని, భక్తిగా తాకాడు. ఏ వేలు పెట్టినా ఒక్కటీ పలకలేదు. నేను తాకితే అన్నీ పలికాయి. ఒక ఫోనుకు అద్దమే మార్చాను. అయినా అంతే. "బాగానే ఉన్నాయిగా! నువ్వే సరిగ్గా ఆనించడం లేదు" అని విసుక్కున్నాను. ఆయన వేలు వెనక్కి తీసుకుని, నా ఫోను మీద పడిన మరకను కూడా తుడిచి, "పోనీలేమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ బజారుకు వెళ్ళింది. పెదనాన్న నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని మర్నాటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కిటికీలోంచి పడిన ఎండలో ఆవిరి నెమ్మదిగా పైకి పోతోంది. ఆయన ముందురోజు కునుకులో వచ్చిన కల చెబుతున్నాడు. హోటల్లో దుప్పట్లన్నీ అద్దాలైపోయాయట. వాటి మీద పడుకున్నవాళ్ళను ఆయన పేరుపేరునా పిలుస్తుంటే, ఒక్కళ్ళూ ఇటు తిరగలేదట. నేను వంటగదిలో కప్పులు కడుగుతూ వింటున్నాను.

అప్పుడే ఆయన పక్కన పెట్టిన నా ఫోను మోగింది.

"నా చేతులకి సబ్బుంది, కాస్త ఎత్తు పెదనాన్నా!" అని అరిచేశాను. అరిచాక నాలుక కరుచుకున్నాను.

"హలో, నా ఫోను అద్దం వేసేశారా?" అని ఎవరిదో గొంతు ఫోను స్పీకర్లోంచి గదంతా వినిపించింది.

కప్పు చేతిలోంచి జారింది. పరుగున వెళ్ళి చూస్తే పెదనాన్న కొయ్యబారి నిలబడి ఉన్నాడు. వేలు అప్పుడే గిన్నెలో ముంచి విదిల్చాడు. ఇంకా తుడుచుకోలేదు.

తల బాదుకున్నాను. ఇన్నాళ్ళూ అద్దాలు చూసిన దాన్ని, ఆ వేలును ఒక్కసారి పట్టుకుని చూడలేదు. మందంగా కాయకాసిన, చెమ్మ లేని చర్మం ఒంట్లోని నీటికీ అద్దానికీ మధ్య తలుపులా మూసుకుంది. కొత్త యంత్రమన్న గౌరవంతో ఈయన దాన్ని తాకే ముందు రెండేసిసార్లు తుడుచుకున్నాడు!

మళ్ళీ ముంచమన్నాను. సంబరంలో కణుపు దాకా ముంచి పెట్టాడు. అద్దం మీద నీళ్ళు మడుగు కట్టి, ఎక్కడ ఎవరు తాకారో తెలియక ఫోనుకు పూనకం వచ్చింది. పదిసార్లు తప్పాక లెక్క దొరికింది: ముంచాలి, విదిల్చాలి, ఎడమ మణికట్టుకు ఒకసారి అద్దాలి, అప్పుడు తాకాలి. పెద్దమ్మ వచ్చేసరికి మేమిద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుతున్నాం.

సోమవారం నేనూ వెంట వెళ్ళాను. పెదనాన్న గిన్నె తెచ్చి యంత్రం పక్క బల్ల మీద పెట్టాడు.

"మిషను దగ్గర నీళ్ళేంటి పెద్దాయనా?" అన్నాడు సూపర్‌వైజర్.

"రోజంతా ఆవిరి తాగేదానికి చెమ్మంటే భయమేంటయ్యా?"

ముంచాడు. విదిల్చాడు. మణికట్టుకు అద్దాడు. తాకాడు. అద్దం తెల్లగా వెలిగింది. రోలర్లు కదిలాయి, దుప్పటి ఆవిరిలోంచి తేలుతూ వచ్చింది. పెదనాన్న దాన్ని అందుకోవడం మరిచిపోయి నావైపు తిరిగాడు. "కనిపించానే" అన్నాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి, నావీ అంతే.

ఆయన తర్వాత వంతు ఒక కోడలి వయసు అమ్మాయిది. పువ్వుల్లాంటి వేళ్ళు, ఏ తడీ అక్కర్లేదు. అయినా ఎందుకైనా మంచిదని ఆ అమ్మాయీ గిన్నెలో వేలు ముంచింది. తర్వాతివాళ్ళూ ముంచారు.

పెదనాన్న పని మానేసి మూడేళ్ళయింది. మొన్న ఆ యంత్రం అద్దం పగిలిందని నన్ను పిలిచారు. గిన్నె అక్కడే ఉంది, నీళ్ళు ఆ పూట పోసినవే. "ఇదెందుకమ్మా?" అని కొత్తగా చేరిన పిల్లను అడిగాను.

"వేలు తడిపి తాకితేనే దుప్పటి మెత్తగా వస్తుందంట మేడమ్. లేకపోతే పడుకున్నవాళ్ళకి కలలో మెట్లొస్తాయంట."

కొత్త అద్దం బిగించాను. పనిచేస్తుందో లేదో చూడటానికి వేలు చాచి, ఆగి, ముందు గిన్నెలో ముంచాను.