బావ రక్తం, మా ఉపవాసం

ఇది రెండు కుటుంబాల నెత్తుటి మహాగాథ. అలా మొదలుపెట్టాలని ఉంది గానీ, నిజానికి ఇది మేం ఆరుగురం మిర్యాలగూడలో ఒక ల్యాబు ముందు ఏమీ తినకుండా కూర్చున్న కథ.

మా అక్క మేనమామ కొడుకునే చేసుకుంది. కడుపుతో ఉన్నప్పుడు, మూడో నెలలో రక్తపరీక్ష చేస్తే ఆమెలో తలసీమియా లక్షణం దాగి ఉందని తేలింది. దానివల్ల ఆమెకేం ప్రమాదం లేదు. బావలోనూ అదే ఉంటే మాత్రం, పుట్టే బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించాల్సి రావచ్చు. మామూలు పరీక్షలో బావ సంగతి తేలకపోవడంతో డాక్టరమ్మ జన్యుపరీక్ష రాశారు.

కావలసింది బావ రక్తం ఒక్కటే. అయినా వేములపల్లి నుంచి మామ, అత్త, అమ్మ, నాన్న, నేను అందరం పరగడుపునే అతనితో దిగాం. అక్కకు మాత్రం ఇడ్లీ పెట్టి ఇంట్లో ఉంచారు.

“నీకెందుకు మామా ఉపాసం?” అన్నాను.

“మాది గూడ అడిగితే? తిని వచ్చినమని చెప్తమారా?”

ఎవరూ అడగలేదు.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. బావలో ఆ లోపం లేదట. మామ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచి, నేనూ తీసుకుని అద్దుకున్నాను. మా ముఖాలు కూడా చూడని ఎవరో, ఎక్కడో యంత్రం ముందు కూర్చుని మా తాతల నాటి రాతను ఓపిగ్గా చదివిపెట్టారు. మేనకోడలు నా ఇస్త్రీ చొక్కా తడిపినప్పుడల్లా వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను.

రిపోర్టుకు పిన్ను కొట్టిన రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది: ఈ పరీక్షకు పరగడుపున రానవసరం లేదు.