నూనె తెర

రాజేశం ఏ నీళ్లనైనా తల పక్కకు వంచి, ఒక కన్ను చికిలించి చూస్తాడు. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, తెగిన పోగును అట్లాగే పట్టుకునేవాడు; ఆరేళ్లుగా మస్కట్ దగ్గర సముద్రపు చేపపిల్లల తొట్లనూ అట్లాగే చూస్తున్నాడు. సెలవు మీద ఇంటికొచ్చినా, పప్పు మీద తేలే నూనెను వేలితో పక్కకు నెట్టి గానీ ముద్ద కలపడు.

ఈ మధ్యాహ్నం అతను కంచం ముందు కూర్చోగానే, సాంచెల మీంచి తీసుకెళ్లి అక్కడ తొట్ల పనిలో తను పెట్టించిన బామ్మర్ది భూమేశ్ వీడియో కాల్ చేశాడు.

"బావా, పిల్లలు మీదికచ్చి మల్ల కిందికే పోతున్నయ్."

గుడ్డు వీడి నాలుగో రోజు. ఇప్పుడు ప్రతి పిల్లా పైకొచ్చి ఒక్క గుక్క గాలి మింగాలి. మింగకపోతే కడుపులో గాలితిత్తి ఉబ్బదు, ఇక జన్మలో సరిగా ఈదలేదు. రాజేశం తల వంచాడు. నీటి మీద రంగుల మెరుపు ఫోన్‌లోనే కనిపించింది: నూనె తెర; దాన్ని చీల్చుకుని పిల్లలు గాలి అందుకోలేవు.

"పురుగులను కడిగినవా?"

మేతగా వేసే కంటికానని పురుగులకు ముందు చేపనూనె తాగిస్తారు. కడిగాకే తొట్టిలో వేయాలి.

"నూనె బలమే గద బావా! సాంచెకైతే ఎంత పోసినా..."

"గిది సాంచె కాదు! నీళ్ల మీద టిష్యూ కాగితం పరిచి లేపు. మల్ల ఇంకోటి పరువు."

కాగితం వెంట కాగితం నూనె పీల్చుకుని లేచింది. కంచంలో అన్నం చల్లారింది. చివరికి మెరుపు చినిగిన చోట, వెంట్రుకంత పిల్ల ఒకటి పైకొచ్చి ఆగింది.

"నోరు తెర్సుకొని గట్ల సూస్తున్నవేంది?" అంది భార్య జమున, చారుగిన్నె దించుతూ.

ఫోన్‌లో పిల్ల నోరు తెరిచి మూసింది. రాజేశం గుటక మింగాడు.