నాకెవరు ఎదురు రావాలి?

నాకు ఉద్యోగం రావడానికి కారణం మా ఎదురింటి వీసా పిన్నిగారి చంకలోని నిండు బిందె అని మా మావయ్య ప్రతి పెళ్ళిలోనూ చెబుతాడు. మొన్న ఒక అన్నప్రాశనలోనూ చెప్పాడు. అబద్ధం. మరి నేను చదివిన ఎమ్మెస్సీ మాటేమిటి అని అడిగితే, "చదివేవు, కాదన్నానా? శకునం కూడా కుదరాలి కదే" అంటాడు. చదువు మాట అటుంచండి, ఆయన కథలో మా మేనత్త అసలు లేనే లేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా వీధిలో ఎవరూ ఊరికే బయల్దేరేవారు కాదు. ముందు ఒకరు వీధిలోకి తొంగిచూసి, ఎదురు బాగుందంటేనే రెండోవారు గుమ్మం దాటేవారు. ఎవరి ముఖం ఎదురుపడితే పని అలా అవుతుందని నమ్మకం. ఈ వ్యాపారంలో నాకూ కొంత పలుకుబడి ఉండేది లెండి. వీసా పిన్నిగారి అబ్బాయి దుబాయ్ పని కోసం ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే, కాలేజీ బస్సు తప్పిపోతుందని జుట్టు కూడా దువ్వుకోకుండా పరిగెడుతున్న నేను ఎదురయ్యాను. అతనికి వీసా వచ్చింది, ఆవిడకి పేరొచ్చింది, నాకు పని పడింది. అప్పట్నించీ పొద్దున్నే పిలుపులు. "అమ్మాయిగారూ, చిన్న పనండి. ఆ మూలదాకా వెళ్ళి ఇలా వచ్చేయండి, చాలు. ఆయ్!" వెళ్ళేదాన్ని. (కొబ్బరి లౌజు పెట్టేవారు. సిద్ధాంతం సిద్ధాంతమే, లౌజు లౌజే.) ఒకసారి నేను ఎదురొచ్చిన పిల్లాడు ఇంటర్ తప్పాడు. ఇక నన్ను వదిలేస్తారని సంతోషించాను. వాళ్ళమ్మ ఆలోచించి తేల్చింది. "ఆవేళ మీరు శుభ్రంగా తల దువ్వుకొచ్చేరండి. అదీ తేడా!"

అలాంటి నాకు కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సు పట్టుకోవాలి. పంటు తప్పితే ఇంటర్వ్యూ తప్పినట్టే. రేవుదాకా దింపడానికి మావయ్య స్కూటరు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. మరి నాకెవరు ఎదురు రావాలి? చేసిన మేలుకు రుణం తీర్చుకుంటానని వీసా పిన్నిగారు నిండు బిందెతో వీధి మూల నిలబడ్డారు. సేనాధిపతి మా నాయనమ్మ.

ఇక మా మేనత్త. నేను పుట్టకముందే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆవేళ అందరికంటే ముందు లేచింది ఆవిడే. పెసరట్టు వేసిందీ, నా చీరకి గంజిపెట్టి ఇస్త్రీ చేసిందీ ఆవిడే. నా ప్రయాణం వేళయ్యేసరికి ఎవరూ ఏమీ అనకుండానే బకెట్టు పట్టుకుని పెరట్లో స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టేసుకుంది. ఎవరు బయల్దేరినా అంతే. ఆ గడియ చప్పుడు విన్నాకే మా ఇంట్లో చెప్పులు తొడిగేవారు. నేనూ అన్నేళ్ళూ అలాగే తొడిగాను. ఆవేళ మాత్రం ఆవిడ గంజిపెట్టిన చీర నా ఒంటిమీద ఫెళఫెళమంటుంటే ఆ గడియ చప్పుడు భరించలేకపోయాను. వెళ్ళి తలుపు కొట్టాను.

"అత్తా, బయటకి రా."

"నువ్వు వెళ్ళవే తల్లీ, పంటు పోతుంది."

"నువ్వు ఎదురొస్తేనే వెళ్తాను."

"నోర్ముయ్! నేను స్నానం చేస్తున్నాను."

"నీళ్ళ చప్పుడేదీ?"

లోపల్నించి ఒక చెంబెడు నీళ్ళు భళ్ళుమన్నాయి. "ఇదిగో చప్పుడు! ఇంక ఫో!"

"చదువెక్కువై దీనికి మతి పోయిందిరా!" అని నాయనమ్మ. మావయ్య హారను మోత. వీధి మూల నుంచి వీసా పిన్నిగారి కేక. "రమ్మంటారా అండీ? నడుం పడిపోతోందండీ!" అప్పటికే ఒకసారి తొందరపడి వచ్చేస్తే మావయ్య వెనక్కి పంపించాడు. (నిండు బిందె వెనుదిరిగి పోతే అదేం శకునమో ఎవరూ చెప్పలేదు.)

నేను తల వంచుకుని "సరే" అన్నాను. నేను సరే అన్నానంటేనే అనుమానించాలి, ఎవరూ అనుమానించలేదు. వీధి గుమ్మం దిగి, స్కూటరు ఎక్కకుండా ఇంటి పక్క సందులోకి తిరిగి, కొబ్బరి డొక్కలు దాటి, పెరటి తలుపు తోసుకుని వెళ్ళాను. సరిగ్గా అప్పుడే గడియ తీసి, చేతిలో ఖాళీ బకెట్టుతో మా అత్త బయటకొచ్చింది. ముఖాముఖీ!

"చచ్చేను! ఎంత పని చేసేవే!" అని ఆవిడ ఏడుపు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి పరిగెత్తాను. వీధిలోకి రాగానే, పరిస్థితి చక్కదిద్దుదామని వీసా పిన్నిగారు కూడా పరిగెత్తుకొచ్చి, బిందెలో సగం నీళ్ళు నా కుచ్చెళ్ళ మీద పోశారు.

పంటు దొరికింది. కానీ నడి గోదావరిలో నా ధైర్యం దిగిపోయింది. ఉద్యోగం రాకపోతే నేను ఇంకోటి వెతుక్కుంటాను. మా అత్త ముఖం మాత్రం ఇంక ఎవరికీ కనబడదు. నేను గెలుస్తాననుకుని పందెం కాశాను సరే, ఒడ్డింది ఎవర్ని? పక్కనెవరో తుమ్మితే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కూలబడి మంచినీళ్ళు తాగాను. గట్టున కనిపించిన ప్రతి గోపురానికీ కొబ్బరికాయ మొక్కాను. (కోనసీమలో పుట్టి కొబ్బరికాయకి వెనకాడతామా!) ఇంటర్వ్యూలో తడి కుచ్చెళ్ళతోనే అడిగినవన్నీ చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

"చూసేవా, దాని దోషాన్ని నిండు బిందె కొట్టేసింది" అంది నాయనమ్మ. "రాకపోతే ఎవరి మూలాన రానట్టు?" అని అడిగాను. ఉద్యోగంలో చేరే రోజున అత్త గుమ్మంలోకి వస్తేనే కదులుతానని అరుగు మీద కూర్చున్నాను. వచ్చింది, ముఖం పక్కకి తిప్పుకుని. "నేను చూడట్లేదులే, వెళ్ళు" అంది. ఆ మాత్రానికే లోకాన్ని తిరగేశాననుకుని ఛాతీ విరుచుకుని నడిచిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తుంది.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. బండి చప్పుడు మలుపు దాటి వినపడకుండా పోయేదాకా గడియ తీసే మనిషి కాదు మా అత్త. ఆ రోజు స్కూటరింకా గుమ్మం ముందే గుర్రుమంటోంది. అడిగితే "సరిగా వినపడలేదే" అంటుంది. పాలు పొంగే చప్పుడు ఈ వయసులోనూ వీధరుగు మీంచి వినే మనిషి! మావయ్య కథ మావయ్య చెప్పుకోనీ. నువ్వు చెప్పత్తా, నా అడుగుల చప్పుడు సందులో వినపడ్డాకే గడియ తీశావు కదూ?