బుచ్చమ్మవ్వ కూలర్ తెచ్చిన రోజు

మొగుళ్లపల్లిలో పత్తి బస్తా తొక్కాలంటే బుచ్చమ్మవ్వ తర్వాతే ఎవరైనా. మనిషి చూస్తే చాటంత ఉండదు గానీ, ఆమె దిగి తొక్కిన బస్తాలో మరొకరు గుప్పెడు పత్తి కూడా కుక్కలేరు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం పత్తి ఆమె కాళ్ల కిందే అణిగింది. అందుకే ఏ వస్తువు ఎందులో పడుతుందో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం. మొన్న మే నెలలో ఆ నమ్మకం బజారున పడబోయి తప్పించుకుంది.

మనవరాలు విజయ భూపాలపల్లి దవాఖానలో ఆడపిల్లను కని, మర్నాడు పొద్దున ఇంటికి రాబోతోంది. ఇల్లేమో రేకులది. మధ్యాహ్నమైతే పెనం మీద కూర్చున్నట్టే. "నా మునిమనవరాలు గీ ఇంట్ల చెమటల పండదు, రేపటికల్లా కూలరొస్తది" అని అవ్వ వాడంతా వినేలా అనేసింది. ఎదురింటి మణెమ్మ మరీ చెవులు రిక్కించి విన్నది. ఇక కూలర్ రాకపోతే ఊళ్లో తలెత్తుకోలేదు.

విజయ అన్న భాస్కర్‌కు చిన్న కారుంది. కొని ఏడాదైనా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. ఎవరైనా కాళ్లు దులుపుకోకుండా ఎక్కితే వాడికి జ్వరం వచ్చినంత పని. బయల్దేరేముందు అవ్వ డిక్కీ నోటిని మోచేత్తో కొలిచింది. సరిగ్గా రెండు మూరలు.

భూపాలపల్లి దుకాణంలో అవ్వ ఒక్కో కూలర్ ముందు కళ్లు మూసుకుని నిలబడి గాలి పరీక్షించింది. కొలిచే పని మనవడికి అప్పగించింది.

"రెండు మూరలు దాటొద్దు బిడ్డా!"

వాడు తన చేత్తో కొలిచాడు. అవ్వకు నచ్చిన పెద్ద ఇనుప కూలర్ సరిగ్గా రెండు మూరలే. తాటిచెట్టంత మనిషి మూర, చాటంత మనిషి మూర ఒకటెలా అవుతాయని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. డిక్కీ దగ్గరికి తెచ్చాక తెలిసింది, కూలర్ జానెడు ఎక్కువ.

"ట్రాలీ ఆటోలన్నీ లగ్గాలకు పోయినయమ్మా, ఎల్లుండి పంపిస్త" అన్నాడు దుకాణం వెంకట్రాం.

"ఎల్లుండి దాంక పొల్ల ఉడకాల్నా?"

"చిన్నది తీస్కోరాదు అవ్వా" అని భాస్కర్ గొణిగాడు.

"నీ చెయ్యి పొడుగైతే పొల్ల చిన్న గాలికి పండాల్నా? తియ్ ఆ గడ్డి తలుపులు!"

కూలర్‌కు మూడు వైపులా ఉండే, నీళ్లతో తడిసే గడ్డి తలుపులు ఊడాయి. అయినా బెత్తెడు ఎక్కువే. అవ్వ కొంగు దోపింది.

"నిలువుగ గాదురా, ముందు మూల దూర్చు. బస్తా గూడ మూలలకెల్లే నిండుతది."

మూల దూరగానే అవ్వ వెనక్కి తిరిగి, కూలర్‌కు వీపు ఆనించి, పాదాలు నేలకు తన్ని ఒక్క ఊపు ఊపింది. కూలర్ అడ్డంగా వాలి లోపలికి జారింది. దాంతోపాటు మడిచిన వెనక సీటు కవర్ పర్రున చినిగింది.

"అవ్వా, నా సీటు!"

"ఏడాది సంది బాలింత లెక్క కప్పి పెట్టినవ్. జర గాలి తగలనియ్యి!"

డిక్కీ తలుపు మూతపడకపోతే పత్తి బస్తాల ముడి వేసి తాడుతో బిగించింది. సీటు ముందుకు జరిపాక భాస్కర్ మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలాయి. గడ్డి తలుపులు ఒళ్లో పెట్టుకున్న అవ్వకు రెండు కళ్లే బయట మిగిలాయి.

ఊరు చేరేసరికి ఇంకా పొద్దుంది.

"మెయిన్ రోడ్డు మీదికెల్లి పోనియ్యి."

"ఇల్లు గిటు గదనే?"

"గటు గూడ పోవచ్చు."

ఊరంతా చుట్టి కారు వాడలోకి వచ్చింది. గడప మీది మణెమ్మ గడ్డి చూసి లేచింది.

"ఏందక్కా, బర్రెను కొన్నవా?"

"బర్రె గాదు, బండెడు గాలి తెచ్చిన. రేపు రా, చూద్దువు!"

మర్నాడు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. నిండా నీళ్లు పోసిన కూలర్ ఇంట్లో హోరుమంటోంది. పాప వరసగా రెండుసార్లు తుమ్మింది.

"అవ్వా, పొల్లకు చలి పెడ్తుంది. జర తక్కువ చెయ్యి" అంది విజయ.

అవ్వ స్విచ్చు దగ్గరికి పోలేదు. నేరుగా వాకిట్లోకి పోయి, నడుం మీద చేతులేసుకుని, నాలుగిళ్లకు వినబడేలా కేకేసింది.

"ఓ మణెమ్మా! మీ ఇంట్ల రగ్గుంటే జర ఇయ్యరాదే! మా పొల్ల చలికి వణుకుతుంది!"