రెండు వందల కుర్చీల గుత్తబేరం

చాలామంది ఫుట్‌బాల్ చూడ్డానికి ఒక టికెట్టు కొంటారు. నేను రెండు వందలు కొన్నాను. తొంభైల్లో, ఒమాన్‌లోని ఇబ్రిలో, ఒక శుక్రవారం సాయంత్రం మైదానంలో తూర్పు వైపు కుర్చీల గట్టు మొత్తం నాదే. ఆ ఊళ్ళో పెద్దపెద్ద అర్బాబులకు, అంటే యజమానులకు, ఖర్జూరం తోటలుండేవి, కార్లుండేవి. సొంతానికి రెండు వందల ఖాళీ కుర్చీలున్న మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. తెలివైనవాడు మునిగితే ఎంత లోతుకు పోతాడో చూడాలనుంటే నా వెంట రండి.

నేను పుట్టింది జగిత్యాలలో, మా బాపు కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన. జోలపాటల కన్నా ముందు నా చెవిన పడ్డవి బేరాలే. అందుకే ఇబ్రిలో సెంట్రింగ్ చెక్కలు మోస్తున్నా, నేను కూలీని కాదని, దారి తప్పిన వ్యాపారినని నా గట్టి నమ్మకం. పది రోజుల్లో సెలవుకు ఇంటికి పోవాలి. బాపుకు ఎలక్ట్రానిక్ కాంటా తెస్తానని ఉత్తరం రాశాను. మా బజార్లో అప్పటికి ఎవరికీ లేదది. బాపు ఆ ముచ్చట ఎదురుకొట్టు సేటుకు చెప్పేశాడు కూడా. అంటే ఇక నేను మర్చిపోయినా బజారు మర్చిపోదు. కాంటా వెల అరవై రియాళ్ళు. నా బనీను జేబులో ఉన్నవీ అరవయ్యే.

అప్పుడే మా ఇబ్రి జట్టు కప్పు పోటీల్లో పైపైకి పోయి, ఆ శుక్రవారం పెద్ద మ్యాచ్ సొంత ఊళ్ళోనే పడింది. టికెట్టు ఒక రియాలు. నెలకు నలభై అయిదు తీసుకునేవాడికి రియాలంటే గంటన్నర బంతాట కాదు, నాలుగు పూటల కూర. అందుకని క్యాంపంతా టీవీనే నమ్ముకుంది. అంతలో కబురు వచ్చింది: టికెట్లు అమ్ముడుపోలేదు గనుక మ్యాచ్ టీవీలో చూపించరట. మా రూమ్‌లో టీవీ ఉన్నది నిజామాబాద్ ఖాజా భాయ్‌కి. మ్యాచ్ చూడవచ్చినవాళ్ళకు చాయ్ అమ్మాలనుకున్న ఆ మనిషి సొంతవాళ్ళు పోయినట్టు కూర్చున్నాడు. అందరికీ బాధ కనిపించిన చోట నాకు గిరాకీ కనిపించింది.

గురువారం డ్యూటీ దిగగానే టికెట్ల కౌంటర్‌కు పోయాను. అక్కడ సలీం అనే ముసలి ఒమానీ ఈగలు తోలుకుంటున్నాడు. మా మాటలు గల్ఫ్ హిందీలో నడిచాయి, మీకోసం తెలుగులో చెప్తాను.

“మిగిలినవన్నీ తీసుకుంటే ఎంతకిస్తావు చాచా?”

సలీం కళ్ళద్దాలు తీశాడు. “అన్నీ అంటే?”

“అన్నీ.”

“రెండు వందలున్నాయి. ఒక్కోటి ఎనిమిది వందల బైసాలకు ఇస్తాను.”

రియాలుకు వెయ్యి బైసాలు. నేను నవ్వాను. అది బాపు నేర్పిన నవ్వు, అందులో ఒక పాలు జాలి, మూడు పాళ్ళు ఎగతాళి. “రెండు వందల యాభై.”

“సదీఖ్, దోస్తూ, బంతికి గాలి కొట్టిన ఖర్చు కూడా రాదు.”

“ఎల్లుండి పొద్దున ఇవి ఎంతకు అమ్ముతావు చాచా?”

నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను.

“మూడు వందలకు తీసుకుపో,” అని సలీం వెనక నుంచి పిలిచాడు.

ఎనిమిది వందల నుంచి మూడు వందలకు ఒక్క గెంతున దిగిన అమ్మకందారుణ్ణి నా జన్మలో చూడలేదు. ఎన్నడూ చూడనిది చూసినప్పుడు మనిషి కాసేపు ఆగాలి. నేను ఆగకుండా బనీనులో చెయ్యి పెట్టాను.

“టీవీలో రాదు కదా?” అని మాత్రం గట్టిగా అడిగాను.

“టికెట్లు మిగిలితే రాదు. టీవీవాళ్ళ కట్టుబాటు అది.”

“మంచి కట్టుబాటు,” అన్నాను.

సలీం నా చేతులు రెండూ పట్టుకుని దువా చేశాడు. నా బేరానికి మురిసిపోయాడనుకున్నాను.

మర్నాడు పొద్దున మంచం మీద టికెట్లు పరిచి, మొదటి బోణీ ఖాజా భాయ్‌తో చేద్దామనుకున్నాను.

“భాయ్, గేటు కాడైతే రియాలు. నా కాడ ఏడు వందలే. నువ్వు రూమోనివి, నీకు ఆరున్నర.”

“ఇన్ని ఎక్కడియే రాజన్నా?”

“కౌంటర్ మొత్తం ఊడ్చిన.”

“అంటే అక్కడ ఇగ టికెట్లు లెవ్వా?”

“ఒక్కటి లేదు. కావాలంటే అందరు నా కాడికే రావాలె.”

ఖాజా భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “టికెట్లన్ని అయిపోయినయంటున్నవ్.”

“అయిపోయినయ్.”

“మరి టీవీల ఎందుకు రాదే?”

మీకు ఇది ఇందాకే తట్టి ఉంటుంది. మీరు కిరాణా కొట్లో పుట్టి ఉండరు, అందుకే తట్టింది.

మధ్యాహ్నానికి, సాయంత్రం మ్యాచ్ చూపిస్తామంటూ టీవీలో మా మైదానం కనిపించింది. “నువ్వు సల్లగుండాలె రాజన్నా,” అంటూ ఖాజా భాయ్ పాల డబ్బాలకు ఉరికాడు. సంగతి తెలిసి క్యాంపంతా నన్ను దీవించింది. దీవెనకు ఏ ఎక్స్చేంజిలోనూ బైసా ఇవ్వరు.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటారు. నేను కొనబోతే దువా, అమ్మబోతే ఎడారి. గేటు ముందు నిలబడి ఏడు వందల నుంచి అయిదు వందలకు, అక్కణ్ణుంచి మూడు వందలకు దిగాను. పక్క సైట్ ఎలక్ట్రీషియన్, ఒక మలయాళీ, నన్ను నిదానంగా బేరమాడాడు.

“మీ క్యాంపులో ఫ్యాను కింద కూర్చోబెట్టి చాయ్ ఇస్తున్నారంట. నువ్వేమిస్తావు?”

“గాలి, వెలుతురు.”

“ఆ రెండూ మా కంపెనీ నాకు రోజూ ఇస్తూనే ఉంది. వంద బైసా.”

ఇచ్చేశాను. అదే ధరకు ఇంకో పదిమంది దొరికారు. మిగిలినవాటితో శనగల పొట్లం కడదామన్నా పనికిరానంత చిన్న కాగితాలు. ఆట మొదలయ్యాక లోపలికి పోయి, జమీందారులా నా కుర్చీల మధ్య కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి రూమ్ ముందు చెప్పుల గుట్ట ఉంది. నన్ను చూసి అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు.

“టీవీల నువ్వే వడ్డవ్ రాజన్నా,” అన్నాడు ఖాజా భాయ్ కళ్ళు తుడుచుకుంటూ. “గోల్ వడ్డంక కెమెరా నీ దిక్కు తిప్పిండ్రు. గ్రౌండ్ అంత లేసి ఎగురుతున్నది. నువ్వొక్కనివే తల్కాయ వంచుకొని టికెట్లు లెక్కవెడుతున్నవ్.”

ఒక చాయ్ పోసి నా చేతికిచ్చాడు. తాగాక చెయ్యి చాపాడు. “యాభై బైసా.”

పది రోజుల తర్వాత జగిత్యాలలో బాపు నా పెట్టె అడుగుదాకా వెతికి, “కాంటా ఏదిరా?” అన్నాడు. కథంతా చెప్పాను. బాపు వేళ్ళ మీద ఏదో లెక్క వేశాడు. ఎదురుకొట్టు సేటు తలుపు సందులోంచి చూస్తున్నాడు.

“మూడు వందలకు ఎందుకొప్పుకున్నవ్‌రా,” అన్నాడు బాపు. “రెండున్నర మీదనే నిలవడితే ఇచ్చేటోడు.”

ఆ తండ్రి పాదాల సాక్షిగా ఒట్టు వేశాను. ఇక ఈ జన్మలో మ్యాచ్‌కు పోతే గేటు దగ్గర, ఒక్కటంటే ఒక్క టికెట్టు, అడిగిన ధరకు కొంటాను.

ఇక లెక్క. టికెట్లకు అరవై రియాళ్ళు. టాక్సీకి రానూ పోనూ నాలుగు వందల బైసా. చాయ్‌కి యాభై. వచ్చింది రియాలు మీద వంద. నికరంగా పోయింది యాభై తొమ్మిది రియాళ్ళ మూడు వందల యాభై బైసా. ఆ సొమ్ముకు నేను కళ్ళారా చూసిన గోల్స్, సున్నా.